కొలవని ఎక్కుడులో తేలే పందెం

శంషాబాద్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్లు. రాత్రి ఇక్కడ విమానం ఎక్కి ఢిల్లీలో మారితే, మర్నాడు పొద్దున్న టీ తాగే వేళకు లేహ్‌లో ఉండొచ్చు. కాలు కదపకుండానే మనిషి 2,600 మీటర్లకు పైగా ఎక్కేశాడు. అట్టపెట్టెలో సర్దిన సైకిలూ అంతే ఎక్కింది. ఆ చలి పొద్దున పెట్టె విప్పి గాలి కొలిచే గేజ్ పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. టైర్లలో ప్రెషర్ కాస్త పెరిగి ఉంటుంది, వెనక షాక్‌లో, అంటే కుదుపులను తట్టుకునే గాలి గొట్టంలో, తగ్గి ఉంటుంది. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఈ చిక్కుముడి సంగతి తర్వాత. ముందు సైకిల్ మీద కూర్చునే మనిషి సంగతి చూడాలి, ఎందుకంటే ఎత్తు మీద జరిగే ఎండ్యూరో అనే కొండ సైకిల్ పందెంలో మొదట చెడేది అతని లెక్కే.

ఎండ్యూరో పందెం తీరు మిగతా సైకిల్ పందేల కంటే వేరు. ఒక రోజులో నాలుగైదు దిగుడు స్టేజ్‌లు ఉంటాయి, గడియారం నడిచేది వాటిలోనే. ఒక స్టేజ్ అడుగు నుంచి తర్వాతి స్టేజ్ నెత్తి దాకా రైడర్ సొంత కాళ్ళతో తొక్కుకుంటూ, తోసుకుంటూ చేరాలి. దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. అక్కడ ఎంత వేగంగా ఎక్కినా ఒక్క సెకను కలిసిరాదు. కానీ ఇచ్చిన గడువులోపు పై స్టేజ్ మొదలుకు చేరకపోతే పెనాల్టీగా సమయం కలుపుతారు. 2013లో ఇటలీలోని పుంటా అలాలో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ మొదలయ్యాక ఈ పద్ధతి ప్రపంచమంతా స్థిరపడింది. 2023 నుంచి అదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం (యూసీఐ) వరల్డ్ కప్‌లో భాగమైంది.

ట్రాన్స్‌ఫర్‌కు సమయం లెక్క లేదు కాబట్టి అది విశ్రాంతి అని కొత్తవాళ్ళు అనుకుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో అది చాలావరకు నిజమే. 3,500 మీటర్ల దగ్గర మాత్రం పందెం చేజారేది అక్కడే. దిగుడులో ఎత్తు తీసుకునేది కొద్ది సెకన్లు. ఎక్కుడులో అది ఏకంగా దిగే శక్తినే తినేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. రైడర్ 70 కిలోలు, ఎండ్యూరో సైకిల్ 16, హెల్మెట్, నీళ్ళు, ప్యాడ్లు కలిపి 4. మొత్తం 90 కిలోలు. ఈ బరువును 500 మీటర్లు పైకి చేర్చడానికి సుమారు 441 కిలోజౌళ్ళు కావాలి. గంటలో ఎక్కాలంటే సగటున 122 వాట్లు. మెత్తటి లావు టైర్ల రాపిడినీ, మట్టి దారినీ కలుపుకుంటే 150 అనుకోవచ్చు. గంటసేపు నిలకడగా 220 వాట్లు తొక్కగల హైదరాబాదీ రైడర్‌కు ఇది అతని సత్తాలో 68 శాతం. పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కొచ్చు. అదే మనిషి 3,500 మీటర్ల మీద, ఒళ్ళు పూర్తిగా అలవాటు పడకముందు, 170 వాట్ల దగ్గర ఆగిపోతాడు. ఇప్పుడు అవే 150 వాట్లు అతని సత్తాలో 88 శాతం. కబుర్లు బంద్, మాటకు మాట మధ్య మూడు ఊపిరులు. పోనీ, శ్రమను పాత 68 శాతంలోనే ఉంచుదామంటే ఆ 500 మీటర్లకు గంట చాలదు, సుమారు 78 నిమిషాలు పడుతుంది. నిర్వాహకులు 75 నిమిషాల గడువు పెట్టారనుకోండి, నింపాదిగా ఎక్కినవాడికి పెనాల్టీ, పరుగుపెట్టినవాడికి స్టేజ్‌లో కాళ్ళు లేవు. పందెం పెట్టేవాళ్ళు ఎత్తును బట్టి గడువు సడలించాలన్నది ఇక్కడ తేలే సంగతి. అన్ని పందేల్లో అది జరుగుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

సత్తా ఎందుకు పడిపోతుంది? "అక్కడ ఆక్సిజన్ శాతం తక్కువ" అని టూరిస్టులు చెప్పుకునే మాటలో ఒక తప్పుంది. చార్మినార్ దగ్గరైనా లడఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ మీదైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది ఆ గాలిని ఊపిరితిత్తుల్లోకి తోసే పీడనం. హైదరాబాద్‌లో వాతావరణ పీడనం సుమారు 95 కిలోపాస్కల్స్, 3,500 మీటర్ల దగ్గర 66. అంటే ఒక్కో ఊపిరికి ఇక్కడ అందే ఆక్సిజన్‌లో అక్కడ అందేది 70 శాతం. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం.

ఈ కొరత అన్ని పనులనూ ఒకేలా దెబ్బకొట్టదు. దీనికి మంచి సాక్ష్యం 1968 మెక్సికో ఒలింపిక్స్. మెక్సికో నగరం ఎత్తు 2,240 మీటర్లు, అంటే మన ఊటీ అంత. ఆ పల్చటి గాలిలో బాబ్ బీమన్ లాంగ్ జంప్‌లో 8.90 మీటర్లు దూకి లోకాన్ని నోరెళ్ళబెట్టేలా చేశాడు. అదే పోటీల్లో 10,000 మీటర్ల పరుగును గెలిచిన సమయం 29 నిమిషాల 27.4 సెకన్లు. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39.4 సెకన్లు. ఆ రికార్డు సొంతదారు రాన్ క్లార్క్ గీత దాటి కుప్పకూలి ఆక్సిజన్ మాస్క్‌తో పడి ఉన్నాడు. కొన్ని సెకన్ల పేలుడు పనికి గాలి పల్చన కావడం లాభం, నిమిషాల తరబడి సాగే పనికి శాపం. ఎండ్యూరో స్టేజ్ ఈ రెంటికీ మధ్య ఇరుక్కుంటుంది. మూడు నుంచి పది నిమిషాల దిగుడు, మధ్యమధ్య నాలుగైదు సెకన్ల గట్టి తొక్కుడు. మొదటి రెండు తొక్కుళ్ళు హైదరాబాద్‌లో లాగే ఉంటాయి. తేడా మూడో దాని దగ్గర తెలుస్తుంది, ఎందుకంటే రెండు తొక్కుళ్ళ మధ్య కండ తేరుకోవడానికి ఆక్సిజనే కావాలి.

దిగుడులో పెడల్ తొక్కేది తక్కువే అయినా గుండె వేగం తగ్గదు. హ్యాండిల్‌ను బిగించి పట్టుకున్న ముంజేతులూ, కూర్చోకుండా వంగి నిలబడ్డ తొడలూ ఎడతెగకుండా పనిచేస్తుంటాయి. ట్రాన్స్‌ఫర్‌లో ఊపిరి అప్పుపడి వచ్చినవాడికి స్టేజ్ సగంలో వేళ్ళు బ్రేక్ మీద నిలవవు. చూపు కూడా ముందు చక్రం దగ్గరకు కుంచించుకుపోతుంది. పది మీటర్ల ముందున్న రాయిని చూడాల్సిన చోట రెండు మీటర్ల ముందున్న రాయిని చూస్తాడు. పందెం పోయేది అలా. చాలామంది దాన్ని "లైన్ తప్పింది", అంటే ఎంచుకున్న దారి తప్పింది, అని చెప్పుకుంటారు గానీ, ఆ లైన్ తప్పింది అరగంట కిందట, ఎక్కుడులో.

ఆల్ప్స్‌లో పేరుమోసిన మెగావలాంచ్‌తో పోలిస్తే ఈ తేడా ఇంకా తేటపడుతుంది. ఆల్ప్ ద్యూయెజ్ పైన 3,330 మీటర్ల పిక్ బ్లాంక్ మంచు మీద వందల మంది ఒకేసారి బయల్దేరి 2,500 మీటర్లకు పైగా కిందకు దిగుతారు. భయం గొలిపే పందెమే. కానీ పైకి చేర్చేది కేబుల్ కారు. ఎత్తు మీద ఉండేది కాసేపే, క్షణక్షణానికీ గాలి చిక్కబడుతూ వస్తుంది. లడఖ్ లాంటి చోట కేబుల్ కార్లు లేవు. స్టేజ్ అడుగు కూడా 3,500 మీటర్ల దగ్గరే ఉంటుంది. దిగినా తేరుకునే గాలి లేదు. 2022 సెప్టెంబర్‌లో లేహ్‌లో యూసీఐ మౌంటెన్ బైక్ ఎలిమినేటర్ వరల్డ్ కప్ జరిగింది. అది నలుగురు నలుగురు చొప్పున పోటీపడే పొట్టి పందెం, ఒక్కో హీట్ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఎత్తులో అది నడిచింది కదా అని రోజంతా సాగే ఎండ్యూరో కూడా అలాగే నడుస్తుందనుకోవడం పొరపాటు.

ఎప్పుడు చేరాలన్నది తర్వాతి ప్రశ్న. సెలవులు తక్కువ ఉన్న ఉద్యోగి సాధారణంగా మూడు రోజుల ముందు చేరతాడు. నిజానికి అది అధ్వానమైన సమయం. పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, వికారం మొదలవుతాయి. మొదటి రెండు రాత్రులు నిద్ర ముక్కలవుతుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది. మొదటి కొన్ని రోజుల్లో రక్తంలోని ప్లాస్మా కూడా తగ్గుతుంది. ఊపిరి లోతు పెరగడం లాంటి తొలి సర్దుబాటుకు దాదాపు వారం పడుతుంది. ఎర్ర కణాలు చెప్పుకోదగ్గంతగా పెరగాలంటే మూడు వారాలు. కాబట్టి ఎండ్యూరోకు కనీసం పది పన్నెండు రోజులు, వీలైతే రెండు వారాల పైన.

దారి కూడా ముఖ్యమే. 3,000 మీటర్లు దాటాక రోజుకు పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలనీ పర్వత వైద్యుల సలహా. మనాలి దారి ఈ సూత్రాన్ని తిరగేస్తుంది. 2,050 మీటర్ల మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటి నేరుగా 4,290 మీటర్ల సర్చూలో పడుకున్న రాత్రి గురించి వెళ్ళొచ్చినవాళ్ళను అడిగితే చాలు. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్తే ఒళ్ళు మెల్లగా సర్దుకుంటుంది. విమానం కంటే రెండు రోజులు ఎక్కువ పడుతుంది, సైకిల్ పెట్టె బస్సు పైకప్పు మీద దుమ్ము కొట్టుకుపోతుంది, అయినా అదే మంచి దారి.

ఇక్కడే ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ ప్రస్తావన రావాలి. లేహ్ వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబం సంచిలోనూ ఆ మాత్రలు ఉంటాయి. యాత్రికుడికి డాక్టర్ రాసిస్తే తప్పేం లేదు. కానీ అందులోని అసెటజోలమైడ్ మూత్రం ఎక్కువగా పోయించే మందుల కోవలోకి వస్తుంది, ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధ జాబితాలో ఉంది. ముందుగా వైద్య మినహాయింపు తీసుకోకుండా వేసుకున్న లైసెన్స్ రైడర్ డోప్ పరీక్షలో దొరికితే, "మా చిన్నాన్న ఇచ్చాడు" అన్న జవాబు చెల్లదు.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లోనే చక్కబెట్టుకోగలిగిన పని ఒకటుంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. అది ఇనుము. ఎత్తు మీద శరీరం కొత్త ఎర్ర కణాలు చేయాలంటే ముడిసరుకు ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, తెలంగాణ కూడా ఆ అంకెకు దూరంగా లేదు. మగవాళ్ళలో తక్కువే అయినా శాకాహారం తింటూ గంటల తరబడి తొక్కేవాళ్ళు ధీమాగా ఉండటానికి లేదు. హిమోగ్లోబిన్ మామూలుగా కనిపించినా నిల్వలు అడుగంటి ఉండొచ్చు, ఆ గుట్టు ఫెరిటిన్ పరీక్షలో బయటపడుతుంది. రెండు నెలల ముందే చేయించుకుంటే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. భోజనం కాగానే ఇరానీ చాయ్ తాగే అలవాటు ఇందుకు అడ్డు. టీలోని పాలీఫెనాల్స్ ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. చాయ్ మానమని హైదరాబాద్‌లో ఎవరు చెప్పగలరు? గంట ఆగి తాగితే చాలు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మేలు.

మే నెల ఎండలో తొక్కితే ఎత్తుకు తయారైనట్టేనన్న మాట గ్రూపుల్లో తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. వేడికి అలవాటుపడ్డ ఒంట్లో ప్లాస్మా పెరుగుతుంది, గుండెకు పని తేలికవుతుంది. అయితే ఊపిరి తీరును మార్చేది తక్కువ పీడనమే, ఎండ ఆ పని చేయలేదు. ముఖానికి తగిలించుకునే "ఆల్టిట్యూడ్ మాస్క్" సంగతి సరేసరి. అది గాలి పీల్చడాన్ని కష్టం చేస్తుందే తప్ప ఆ గాలిలో ఆక్సిజన్ పీడనాన్ని తగ్గించదు.

ఇప్పుడు ఆ అట్టపెట్టె సంగతి. హైదరాబాద్‌లో 35 డిగ్రీల వేడిలో టైరుకు 22 పీఎస్‌ఐ కొట్టారనుకుందాం. గేజ్ చూపేది లోపలి పీడనంలోంచి బయటి పీడనం తీసేసిన అంకె. ఇక్కడ బయట 13.8 పీఎస్‌ఐ, కాబట్టి లోపల అసలున్నది 35.8. 3,500 మీటర్ల మీద బయట 9.5 మాత్రమే. వేడి మారకపోతే గేజ్ 26 దాటాలి. కానీ పొద్దున్న అక్కడ 10 డిగ్రీలు. చలికి లోపలి గాలి 8 శాతం ముడుచుకుని 32.9కి దిగుతుంది, గేజ్ 23.4 చూపుతుంది. ఇక వెనక షాక్. హైదరాబాద్‌లో 200 పీఎస్‌ఐ, అసలున్నది 213.8. అదే 8 శాతం చలికి పోతే 196కు పడుతుంది, గేజ్ మీద 187. ఎత్తు కలిపేది టైరుకైనా షాక్‌కైనా అదే నాలుగు పీఎస్‌ఐ చిల్లర. చలి మాత్రం ఉన్నదాంట్లోంచి వాటా తీసుకుంటుంది. టైరులో ఉన్నది కొంచెం కాబట్టి ఎత్తు గెలిచింది, షాక్‌లో ఉన్నది చాలా కాబట్టి చలి గెలిచింది.

దీని ఫలితం పందెం రోజున రెండుసార్లు కొడుతుంది. పొద్దున్న తొలి స్టేజ్‌లో షాక్ మెత్తబడి పెడల్ రాళ్ళకు తగులుతుంది. మధ్యాహ్నానికి ఎండ కాచి టైర్లు 26కు చేరి, చిన్న రాళ్ళ మీద పట్టు పోయి ఎగురుతుంటాయి. లడఖ్‌లో నీడకూ ఎండకూ ఉన్న తేడా తెలిసినవాళ్ళకు ఇది అతిశయోక్తి అనిపించదు. ఇంట్లో సెట్ చేసుకున్న అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుని తీసుకెళ్ళడం మంచిదే. గాలి కొట్టాల్సింది మాత్రం అక్కడే, స్టేజ్ మొదలయ్యే ఎత్తులో, ఆ వేళ ఉండే చలిలో. చేతి పంపూ నమ్మకమైన గేజూ సంచిలో ఉండాలి.

ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులను మింగే ఫోర్క్‌లో ఇంకో మర్మం ఉంది. కింది కాళ్ళ గొట్టాల్లో, ఆయిల్ సీలు లోపల, కొద్దిగా గాలి చిక్కుకుని ఉంటుంది. హైదరాబాద్ పీడనంతో మూసుకున్న ఆ గాలి పైకి వెళ్ళాక ఉబ్బుతుంది. ఫోర్క్ పూర్తిగా కిందకు నొక్కుకోదు, చివరి రెండంగుళాలు కర్రలా గట్టిపడుతుంది. రైడరేమో స్ప్రింగ్‌లో గాలి ఎక్కువైందనుకుని తీసేస్తాడు, అప్పుడు పై భాగం కూలబడుతుంది. కొన్ని కొత్త ఫోర్కులకు దీనికోసమే వెనకవైపు చిన్న బటన్లు ఉంటాయి, నొక్కితే "తుస్" మంటుంది. లేనివాటికి సీలు అంచున సన్నటి ప్లాస్టిక్ జిప్ టై జాగ్రత్తగా దూర్చితే అదే పని అవుతుంది. ఐదు సెకన్ల పని, అది తెలియకే ఎంతోమంది నెలల తరబడి సస్పెన్షన్‌ను తిట్టుకుంటారు.

ద్రవంతో పనిచేసే బ్రేకుల లైనులో కంటికి కనిపించనంత గాలి బుడగ ఉన్నా ఆ ఎత్తులో అది దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కింద బాగున్న బ్రేక్ మీట (లివర్) పైన స్పాంజిలా లోపలికి పోతుంది. డిస్కులను చల్లార్చేది కూడా గాలే. ఆ గాలి సాంద్రత హైదరాబాద్‌లో కంటే పావు వంతు తక్కువ. పొడవాటి దిగుడులో బ్రేక్ ఈడ్చుకుంటూ వచ్చే అలవాటు ఇక్కడ చెల్లుతుంది, అక్కడ కాలిపోతుంది. బయల్దేరే ముందు బ్రేకులు బ్లీడ్ చేయించుకుని, అంటే లైనులోని గాలి తీయించుకుని, కొత్త ప్యాడ్లు వేయించుకోవడం ఖర్చుతో కూడినదే. అయినా కొత్త కార్బన్ హ్యాండిల్ కంటే అది ముందు.

హైదరాబాద్ ఏమివ్వగలదు, ఏమివ్వలేదు? తెలంగాణలో అన్నిటికంటే ఎత్తైన డోలిగుట్ట 965 మీటర్లే, కాబట్టి ఎత్తు ఇవ్వలేదు. పొడవాటి దిగుడూ ఇవ్వలేదు. గోల్కొండ కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. 600 మీటర్ల స్టేజ్ అంటే అలాంటివి ఐదు ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో ఆగకుండా దిగడం. కానీ బండ మాత్రం ఇక్కడిదే. గచ్చిబౌలి, ఖాజాగూడ వైపు మిగిలిన గుట్టల మీద, 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద నేర్చుకునే బ్యాలెన్స్‌కు సాటి లేదు. బండ అంచున పేరుకున్న మొరం జారుడుకూ లడఖ్ వాలు మీది చిట్టిరాళ్ళ జారుడుకూ పోలిక ఉంది. అక్కడ అది మోకాలి లోతు ఉంటుంది, అంతే తేడా.

మాలావత్ పూర్ణ దారి ఇందుకు మంచి ఉదాహరణ. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. రాతి మీద పట్టు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఎత్తుకు, చలికి అలవాటుపడటానికి మాత్రం డార్జిలింగ్‌కూ లడఖ్‌కూ పంపారు. భువనగిరిలో ఎన్ని నెలలు ఎక్కినా రెండోది రాదనీ, మొదటిది నేర్వకుండా లడఖ్ వెళ్తే దండగనీ ఆ శిక్షణ వేసినవాళ్ళకు తెలుసు. ఎండ్యూరో రైడర్‌కూ అదే వరస. వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లో ఒకే దిగుడును వెంటవెంటనే ఆరేడు సార్లు దిగడం, మధ్యలో కూర్చోకుండా. ముంజేతులకు పొడవాటి స్టేజ్‌ను గుర్తుచేయడానికి ఇక్కడ అంతకంటే దగ్గరి దారి లేదు.

ఒక ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పడి తల తగిలినవాడికి తలనొప్పి, వికారం, మగత వస్తాయి. ఎత్తు పడనివాడికీ అవే వస్తాయి. మందు కిట్ పట్టుకున్న వాలంటీర్‌కే కాదు, డాక్టర్‌కు కూడా ఆ క్షణంలో విడదీసి చెప్పడం కష్టం. కిందనైతే "కాసేపు కూర్చో, చూద్దాం" అనే వెసులుబాటు ఉంటుంది. అక్కడ ఏది అయినా చేయాల్సింది ఒకటే, పందెం ఆపి తోడుతో కిందకు దించడం. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇక మాటల్లేవు.

చివరికి మిగిలేది పళ్ళ లెక్క. ముందు చైన్‌రింగ్ (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం) 32 పళ్ళది, వెనక చక్రం మీది పెద్దది 51 అయితే, నిమిషానికి 60 సార్లు తొక్కినప్పుడు 29 అంగుళాల చక్రం గంటకు 5.2 కిలోమీటర్లు పోతుంది. ముందుది 28కి మారిస్తే 4.5, అంటే నెమ్మదైనా తొక్కడం తేలిక. గుట్టల ఊళ్ళో 28 పళ్ళ రింగ్ వేసుకుంటే తోటివాళ్ళు నవ్వుతారు. 3,800 మీటర్ల దగ్గర, మొదటి ట్రాన్స్‌ఫర్ మూడో మలుపులో, 32 వాడు దిగి సైకిల్ తోస్తుంటాడు. 28 వాడు ముక్కుతో ఊపిరి పీలుస్తూ, అతన్ని దాటాలన్న తొందర కూడా లేకుండా, పక్క నుంచి పోతుంటాడు.